గోరు మీది మెరుపు: గూడూరు అభ్రకం, సండూరు ఎర్రరాయి



మన ఆడపిల్లలు గ్రూపులో పెడుతున్న గోళ్ళ ఫొటోలు చూస్తున్నాను. ఇంట్లోనే గ్లిటర్ పాలిష్‌తో మెరిసే రాళ్ళలాగా వేసుకుంటున్నారు. ఒకరిద్దరు పెద్దలు వాటి కింద "ఇదెక్కడి విదేశీ పోకడ" అని రాశారు. పెద్దల మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ఆ మాట సరి కాదు. సీసా విదేశం నుంచి వచ్చి ఉండొచ్చు. అందులో మెరిసే సరుకు మాత్రం మన నేలకు బాగా తెలిసినదే.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు గుంతకల్లు డివిజన్ స్టేషన్ బోర్డుల మీద కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. పండితుల భాష నా దగ్గర లేదు. సరుకు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అని సర్వీసంతా రాసిన గుమాస్తాను. ఈ విషయాన్నీ అలాగే రాస్తాను.

ముందు రంగు సంగతి. మనం గోరింటాకు అంటాం, తమిళంలో మరుదాణి, కన్నడంలో మదరంగి. ఆషాఢం వస్తే మూడు భాషల ఇళ్ళు పక్కపక్కనే ఉన్న మన వీధుల్లో కూడా తెలుగు పిల్లల చేతులు ఎర్రబడేవి. ఆ ఆకులోని రంగు గోరులోని పదార్థంతోనే కలిసిపోతుంది. అందుకే చేతి మీది ఎరుపు వారం పది రోజుల్లో పోయినా, గోరు మీది ఎరుపు గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి పసుపూ సున్నమూ కలిస్తే వచ్చే ఎరుపు. కాబట్టి గోటికి రంగు అనేది మనకు ఎవరూ కొత్తగా నేర్పింది కాదు.

ఇక రాళ్ళ మెరుపు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పాయెస్ మహర్నవమి ఉత్సవం గురించి రాశాడు. అంతఃపుర స్త్రీలు బంగారం, రత్నాల బరువుకు నడవలేక పక్కవాళ్ళ ఆసరా తీసుకున్నారట. హంపి మన ఊరికి ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు. గుంతకల్లు పక్కన ఉన్న వజ్రకరూరుకు ఆ పేరే వజ్రాల వల్ల వచ్చింది. 1882లో అనంతపురం జిల్లా విడిపోయేదాకా ఆ ఊరు బళ్ళారి జిల్లాలోదే. ఇప్పటికీ తొలకరి పడగానే అక్కడా, అటు జొన్నగిరి, తుగ్గలి చేలల్లోనూ జనం తల వంచుకుని మెరిసే రాయి కోసం వెతుకుతారు. దొరికేది ఏ ఒక్కరికో. మిగతావాళ్ళకు దక్కేది నడుం నొప్పి.

ఇప్పుడు సీసా చరిత్ర. 1920ల్లో అమెరికాలో మోటారు కార్లకు త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగులు వచ్చాయి. నేటి గోళ్ళ రంగు ఆ కుటుంబానిదే. పాతకాలం సినిమా ఫిల్ము కూడా ఆ పదార్థంతోనే చేసేవారు, అందుకే అంత త్వరగా అంటుకునేది. (అమ్మాయిలూ, పాలిష్ సీసా, రిమూవర్ పొయ్యి దగ్గర పెట్టకండి.) మన దేశంలో 1952లో టాటాలు లాక్మే మొదలుపెట్టారు. ఆ పేరు ఒక ఫ్రెంచి సంగీత నాటకానిది, మన లక్ష్మి పేరే ఫ్రెంచి వాళ్ళ నోట అలా అయింది.

మెరుపు కోసం మొదట్లో చేప పొలుసుల నుంచి తీసిన పొడి కలిపేవారు. తర్వాత, 1960ల నుంచి, అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత వేసి ముత్యం లాంటి మెరుపు తెప్పించారు. అభ్రకం అనగానే మన తెలుగువాళ్ళకు గూడూరు గుర్తుకు రావాలి. నెల్లూరు వైపు గూడూరు, రాపూరు, సైదాపురం గనుల్లోని ఆకుపచ్చ అభ్రకం విదేశాల్లో కూడా పేరున్న సరుకు. అప్పట్లో దాన్ని కరెంటు పనికి వాడేవారు. రైలింజను మోటారులోని కమ్యుటేటర్‌లో రాగి పలకల మధ్య పెట్టేది అభ్రకం రేకే. అంటే మన రైళ్ళను నడిపించిన రాయే పొడిగా మారి మన పిల్లల గోళ్ళ మీదికి ఎక్కింది.

అభ్రకం మీద ఇనుప ఆక్సైడు పూత వేస్తే రాగి రంగు, కంచు రంగు మెరుపులు వస్తాయి. ఆ ఆక్సైడును రంగుల కోసం ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. పదార్థం మాత్రం సండూరు కొండల్లోని హెమటైటుదే. తోరణగల్లు నుంచి మద్రాసు హార్బరుకు రేకుల మీద రేకులు పోయిన ఖనిజం అది. నల్లగా, ఉక్కులా మెరిసే ఆ రాయిని గరుకు పలక మీద గీస్తే ఎర్ర గీత పడుతుంది. మన ఇళ్ళ గడపల మీద పేరుకున్న ఎర్ర దుమ్మూ అదే.

అందుకే అమ్మాయిలకు ఒక సలహా. నెట్‌లో చూసినవే వేయకుండా మన రాళ్ళు వేసి చూడండి. సండూరు రాయికి నల్ల రంగు రెండు పలచని పూతలు, ఆరాక స్పాంజి ముక్కతో సన్న వెండి గ్లిటర్ అద్ది, ఒక పక్క ఎర్ర గీత. గూడూరు అభ్రకానికి లేత ఆకుపచ్చ మీద ముత్యపు మెరుపు. వజ్రకరూరుకు మట్టి రంగు గోరు మీద ఒకే ఒక్క మెరిసే చుక్క. పైన పారదర్శక పూత మరిచిపోవద్దు. తీసేటప్పుడు గీకకండి. రిమూవర్‌లో తడిపిన దూదిని గోటి మీద కొన్ని నిమిషాలు ఉంచితే అదే వదులుతుంది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. మెరుపు ఎప్పుడూ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వచ్చింది. తవ్విన చేతికి మాత్రం మిగల్లేదు. 2011లో సుప్రీంకోర్టు మన జిల్లా గనులను ఆపించేనాటికి కొండలు ఎలా అయ్యాయో మనం కళ్ళారా చూశాం. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు జార్ఖండ్, బీహార్ వైపు మూతపడిన అభ్రకం గనులను పరిశీలించారు. రెండే నెలల్లో కనీసం ఏడుగురు పిల్లలు వాటిలో చనిపోయారని బయటపెట్టారు. ఆ పిల్లలు ఏరేది అలంకరణ సామాన్లకు వెళ్ళే తుక్కు అభ్రకమే. మన పిల్లల వయసువాళ్ళు.

దీనికి రంగు మానేయమని నేను చెప్పను. చదివి కొనమంటాను. వ్యాగన్ లేబుల్ చదివినట్టు సీసా వెనక చదవండి. సి.ఐ. 77019 అంటే అభ్రకం, 77491 అంటే ఇనుప ఆక్సైడు, 77891 అంటే టైటానియం డయాక్సైడ్. "సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్" అని ఉంటే అది గనిలో తవ్వింది కాదు, ఫ్యాక్టరీలో చేసిన అభ్రకం. గని అభ్రకమైతే ఎక్కడిదని కంపెనీకి ఒక ఈమెయిల్ రాయండి. నలుగురు అడిగితే జవాబు రాకపోవచ్చు, నాలుగు వందల మంది అడిగితే రాక తప్పదు. మన సంఘంలో అంతమంది ఉన్నారు కదా.

పెద్దలు పిల్లలను విసుక్కోవద్దు. పిల్లలు ఆ మెరుపు వెనక ఉన్న చేతులను మరవొద్దు. మీ ఇళ్ళలో గూడూరు వైపు అభ్రకం పని చేసినవాళ్ళు, సండూరు గనుల్లో చేసినవాళ్ళు ఉంటే వాళ్ళ మాటలు కింద రాయండి. తెలుగులో తప్పులున్నా పరవాలేదు, నావీ ఉన్నాయి.