నీలి చీము నుంచి ఊపిరితిత్తుల దాకా

పందొమ్మిదో శతాబ్దంలో గాయాల కట్లు విప్పే సర్జన్లకు ఒక వింత బాగా తెలుసు. కొందరి కట్టుగుడ్డలు నీలంగానో ఆకుపచ్చగానో మారి ఉండేవి. ఆ రంగుకు కారణమైన బ్యాక్టీరియాను 1882లో ఫ్రాన్సులో కార్ల్ జెస్సార్ వేరుచేశాడు. ఇప్పుడు దాన్ని సూడోమోనాస్ అంటున్నాం. ఇంచుమించు ఆ రోజుల్లోనే స్కాట్లండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీములో స్టెఫిలోకాకస్‌ను గుర్తించి పేరు పెట్టాడు. ఈ రెండూ ఒకేచోట చేరితే ఏమవుతుందో సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల ఊపిరితిత్తుల్లో చూడాలి.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన జన్యువు అందితే వచ్చే జబ్బు ఇది. ఊపిరితిత్తుల్లో ఉప్పూ నీరూ సరిగా కదలక కఫం బంకలా చిక్కబడుతుంది. న్యూయార్క్‌లో డాక్టర్ డొరోతీ ఆండర్సన్ 1938లో దీన్ని ప్రత్యేక జబ్బుగా వర్ణించింది. ఆ జన్యువు 1989లో దొరికింది. పసితనంలో ఆ కఫంలో తరచుగా కనిపించేది స్టెఫిలోకాకస్. ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో సూడోమోనాస్‌ది పైచేయి అవుతూ వచ్చింది.

దాని దగ్గర ఆయుధాలు చాలానే ఉన్నాయి. ఒక ఎంజైముతో స్టెఫిలోకాకస్ కణపు గోడను కోస్తుంది, చచ్చిన కణాల్లోని ఇనుమును వాడుకుంటుంది. అన్నిటికన్నా ఆసక్తికరమైనది హెచ్‌క్యూఎన్‌ఓ అనే రసాయనం. ఇది స్టెఫిలోకాకస్ శ్వాసక్రియను అడ్డుకుంటుంది.

ఈ రసాయనం కథ ఊపిరితిత్తులతో మొదలవలేదు. 1950లలో లండన్‌లో లైట్‌బౌన్, జాక్సన్ అనే ఇద్దరు, సూడోమోనాస్ వదిలే పదార్థాలు స్ట్రెప్టోమైసిన్ తరహా మందును పనిచెయ్యనివ్వడం లేదని గమనించారు. అవి శ్వాసక్రియను దెబ్బతీస్తున్నాయని 1956లో చూపించారు. ఈ కుటుంబపు మందులు కణంలోకి దూరాలంటే ఆ కణం శ్వాసక్రియ చురుగ్గా సాగాలి. అది ఆగితే మందుకు దారి మూసుకున్నట్టే.

దీన్ని సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో ముడిపెట్టడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. అదే కుటుంబానికి చెందిన టోబ్రామైసిన్‌ను ఈ రోగులకు సూడోమోనాస్ మీదికే ఇస్తారు. హెచ్‌క్యూఎన్‌ఓ సమక్షంలో స్టెఫిలోకాకస్ ఆ మందును తట్టుకుంటోందని 2006లో సియాటిల్ పరిశోధకులు తేల్చారు. పైగా ఈ ఒత్తిడి ఎక్కువకాలం సాగితే మెల్లగా పెరిగే, సూదిమొనంత కాలనీలు కట్టే రకాలు మిగులుతాయి. శత్రువు కొట్టిన దెబ్బే డాక్టరు మందు నుంచి కాపాడిందన్నమాట!

ఈ పోరు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఏళ్ల తరబడి ఒకే ఊపిరితిత్తుల్లో ఉన్న సూడోమోనాస్ మారిపోతుంది. చాలామందిలో జిగురు పొర కప్పుకుని, దూకుడు తగ్గించుకుని, స్టెఫిలోకాకస్‌ను పక్కన బతకనిస్తుంది.

ల్యాబులో మాత్రం మామూలుగా ఒక్కో బ్యాక్టీరియాను విడదీసి, దేనికి ఏ మందు పనిచేస్తుందో వేర్వేరుగా చూస్తారు. చిన్న కాలనీలేమో ఒక్కరోజులో కంటికి ఆనవు. కాబట్టి కఫం రిపోర్టులో రెండూ ఉన్నప్పుడు, ప్లేటు మీద పనిచేసిన మందు ఊపిరితిత్తుల్లోనూ అంతే పనిచేస్తుందని లెక్కవేసుకోవడం పొరపాటు.