నిద్రలేమి, చెవిహోరు: మూలికల పేర్ల చరిత్ర

గద్వాల, వనపర్తి సంస్థానముల చరిత్రలో కవిపండిత పోషణమునకు లభించిన స్థానము వైద్యమునకు లభింపలేదు. సామాన్యుల తిండియు, కట్టుబట్టయు, ఆటపాటలును చరిత్రకు విషయములేయని ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) వలన నిరూపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు గద్వాల సంస్థాన ప్రాంతమున జన్మించినవారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనవారు. ఆ మార్గముననే రోగముల చరిత్రయు వ్రాయదగియున్నది. నిద్రలేమి, చెవిహోరు అను రెండు బాధల నిచట ఉదాహరణముగ గ్రహింతము.

ప్రాచీన వైద్యమున ఈ రెండును ప్రధానముగ వాతమునకు సంబంధించినవి. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రము కర్ణనాదమును ప్రత్యేక రోగముగ పేర్కొని, రోగికి నానావిధ ధ్వనులు వినవచ్చునని వర్ణించినది. చెవిపోటు, చెవుడు మొదలగువానితోబాటు దీనికిని సామాన్యచికిత్స విధించినది. అందు చెవిని తైలముతో నింపు కర్ణపూరణము ముఖ్యము. చరకసంహిత నిద్రానాశమునకు అభ్యంగము, స్నానము, పాలు, నెయ్యి, పెరుగన్నము, మనస్సునకు హితమైన గంధములు, శబ్దములు చెప్పినది. నిద్రపుట్టించు వస్తువులలో గేదెపాలకు అగ్రస్థాన మిచ్చినది. అనగా మూలికకంటె ముందు దినచర్య.

తెలుగునాట ప్రసిద్ధమైన బసవరాజీయమున సంస్కృత శ్లోకములతోబాటు తెలుగు పద్యములును గలవు. ఇట్లు రెండు భాషలు కలిసి నడచిన వైద్యవాఙ్మయమున ఓషధుల పేర్లే పెద్ద చిక్కు. సర్పగంధ దీనికి చక్కని నిదర్శనము. దాని వేరు ఉన్మాదమునకును, అధిక రక్తపోటునకును పనిచేయునని 1931లో గణనాథ సేన్, కార్తికచంద్ర బోస్ ప్రకటించిరి. 1949లో రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులపై తన పరిశీలనలను బ్రిటిష్ వైద్యపత్రికలో వెలువరించెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దానినుండి రిసర్పిన్ వేరుచేసిరి. ఇది మనస్సును శాంతపరచి మగత గొల్పును. మోతాదు మించినచో రక్తపోటును ప్రమాదకరముగ తగ్గించును, మనోవ్యాకులతయు కలిగింపవచ్చును. ఇట్టి తీవ్రౌషధికి తెలుగున ‘పాతాళగరుడ’ యను పేరు గలదు. సంస్కృతమున ‘పాతాళగరుడి’ యనగా దూసరితీగ. ఒక్క అక్షరభేదముతో రెండు వేర్వేరు మొక్కలు!

కావున తాళపత్రమున పేరు కనబడినంతనే మొక్కను నిర్ణయించుట తగదు. నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు నల్లమలలో చెంచులు వేరుగడ్డలు సేకరించి జీవించిన తీరును హైమెన్‌డార్ఫ్ 1943లో గ్రంథస్థము చేసెను. అట్టి అడవి నెరిగినవారి వాడుకపేరు, వృక్షశాస్త్రజ్ఞుని నిర్ణయము, ప్రతిలోని పాఠము మూడును సరిచూచినప్పుడే పరిష్కరణము నమ్మదగినదగును. ప్రాచీనయోగమును చరిత్రగ చదువుట వేరు, చికిత్సగ వాడుట వేరు. కర్ణభేరికి చిల్లియున్నవారి చెవిలో తైలము పోయుట హానికరము. కావ్యమున పాఠదోషము రసమునకు భంగము; వైద్యగ్రంథమున నది ప్రాణమునకే ముప్పు.