శిశుపక్షవాతము – మదరాసు ఆంధ్ర మహిళాసభ

మశూచికమును మన పెద్దలు పెద్దమ్మవారనిరి. తట్టు, ఆటలమ్మ, గవదబిళ్లలు మున్నగు పిల్లల వ్యాధులకు తెలుగు వాడుకలో పేర్లు గలవు. పోలియోకు మాత్రము లేదు. ‘శిశుపక్షవాతము’ వైద్యగ్రంథముల కొఱకు కూర్చిన మాట. తల్లులు చెప్పునది వేఱు: జ్వరము వచ్చినది, కాలు పడిపోయినది. జ్వరమునకు ప్రత్యేకమైన పేరు లేదు. అది విడిచిపోయిన దానికే మాట కలదు. ఈ వ్యాధి చరిత్రను వ్రాయువారికి ఈ మాటయే మొదటి యాధారమని నా యభిప్రాయము.

ఏలయన, ఈ వైరస్ సోకిన పిల్లలలో అత్యధికులకు కొద్దిపాటి జ్వరము తప్ప మఱేమియు కానరాదు. అనేకులకు అదియు నుండదు. సుమారు 200 మందిలో ఒకరికి మాత్రము వెన్నుపాములో కండరములను కదలించు నాడీకణములు నశించి అవయవము చచ్చుబడును. ఇది వైరస్ వలన కలుగునని 1908లో వియన్నా నగరమున లాండ్‌స్టైనర్, పాపర్ అను వైద్యులు చూపిరి. అయినను మనవంటి ఉష్ణదేశములలో దీని బాధ స్వల్పమని పండితులు చిరకాలము తలంచిరి. భారతదేశమున 1980 దశకపు తొలినాళ్లలో కుంటితనమును లెక్కించు సర్వేలు జరిగిన పిమ్మట ఆ తలంపు నిలువలేదు. జ్వరమును చూచి గాక, అది మిగిల్చిన కాలును చూచి వ్యాధిని లెక్కింపవలసి వచ్చినది.

మఱియొక విషయము. జ్వరమునకు సూదిమందు వేయించిన తరువాతనే కాలు పడిపోయినదని పల్లెలలో ననేకులు చెప్పుదురు. చదువుకొన్నవారు దీనిని మూఢత్వమని త్రోసివేయుట కలదు. కాని వైరస్ అప్పటికే శరీరమున నున్న బిడ్డకు కండరములో సూది గుచ్చినచో, ఆ యవయవమే చచ్చుబడు నవకాశము హెచ్చునని 1950లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశముల వైద్యులు ప్రకటించిరి. తల్లుల మాటలో సత్యాంశ మున్నదన్నమాట. టీకాలు మానవలెనని దీని యర్థము కాదు. ప్రతి జ్వరమునకును సూది కోరు అలవాటును గూర్చి చెప్పినది.

ఇక మన మదరాసు సంగతి. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి 1937లో ఈ నగరమున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. బాలికలకు చదువు చెప్పి పరీక్షలకు పంపుట సభ తొలి కార్యములలో నొకటి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు నగరము మనకు దక్కలేదని వగచినవారు, వెడలిపోయినవారు ననేకులు. సభ మాత్రము హైదరాబాదునకు విస్తరించియు ఇచటి వేళ్లను పెఱికికొనలేదు. అడయారు ప్రాంతమున సభవారు నెలకొల్పిన ఈశ్వరీప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రము పోలియో సోకిన పిల్లలకు ఆశ్రయమైనది. దుర్గాబాయి చరిత్రను వ్రాయువారు ఉప్పు సత్యాగ్రహమును, రాజ్యాంగ సభను విపులముగా వర్ణించి, ఈ కేంద్రమును ఒక్క వాక్యముతో దాటిపోవుట నాకు సరిగా తోచదు.

అచట జరుగు పని ఎట్టిదో గ్రహించిననే దాని విలువ తెలియును. జ్వరము తగ్గిన బిడ్డను ఇంట నట్లే పరుండబెట్టినచో మోకాలు వంగి బిగిసిపోవును. మడమ పైకి లేచి, పాదము క్రిందికి వ్రేలాడును. కండరము కొంత కోలుకొనునది మొదటి నెలలలోనే కావున వ్యాయామచికిత్స జాగు చేయరాదు. పిదప ఇనుపకడ్డీలును తోలుపట్టీలును గల కాలిపరు తొడిగి నిలువబెట్టవలెను. బిడ్డ ఎదుగును గాని కాలిపరు ఎదుగదు. కొలతలు మఱల తీసి మఱల చేయింపవలెను. చచ్చుబడిన కాలు రెండవదానితో సమముగా పెరుగదు గనుక చెప్పు ఎత్తు సైతము మార్చుచుండవలెను. ఇట్లు ఒక్క జ్వరమునకు పదునైదేండ్ల చికిత్స. కూలి చేసికొను తండ్రి ఎన్నిమాఱులు పని మానుకొని రాగలడు?

టీకా చరిత్ర అందఱు నెఱిగినదే. 1955లో సాల్కు టీకా, తరువాత సేబిన్ చుక్కలు వచ్చినవి. మన పిల్లలలో మూడు మోతాదులు చాలవని వేలూరు వైద్యకళాశాలలో జేకబ్ జాన్ ప్రభృతులు కనుగొనిరి. 1995లో పల్స్ పోలియో మొదలైనది. దేశమున చివరి సహజ పోలియో 2011 జనవరిలో హౌరా జిల్లాలో కానవచ్చినది. 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహిత ప్రాంతములో చేరినట్లు ధ్రువపత్రము లభించినది.

ఆనాటి పిల్లలు నేడు వృద్ధులగుచున్నారు. నశించిన నాడీకణముల భారమును మిగిలినవి క్రొత్తశాఖలు వేసి ఇన్నాళ్లు మోసినవి. అవి అలసిపోగా, పదునైదు మొదలు నలువదేండ్ల పిమ్మట కొందఱికి క్రొత్త నీరసము, నొప్పి, నడకలో తడబాటు కలుగును. వైరస్ మఱల వచ్చుట కాదిది. పోలియోను కన్నులార చూడని యువవైద్యులు దీనిని ముసలితనమని పంపివేయవచ్చును. చిన్ననాటి చికిత్సాపత్రములు, శస్త్రచికిత్సల చీటీలు ఏ పాతపెట్టెలోనైన నున్నచో వానిని వెదకి వైద్యునకు చూపుట మేలు.