గంట కొట్టాలంటే ముందు వినాలి

ఇవాళ ఓయూ క్యాంపస్ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్నారు, చూడండి. బ్యాట్ బంతికి తగిలింది... ఆ సౌండ్ ఇప్పుడొచ్చింది. 170 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం అర సెకను లేటు. ఇవాళ్టి కథంతా ఈ గ్యాప్ గురించే.

చిన్నప్పుడు తార్నాకలో మా చర్చి గంట తాడు నేనూ లాగేవాణ్ణి. బలంగా లాగితే చాలనుకునేవాణ్ణి. దెబ్బలు అడ్డదిడ్డంగా పడేవి. గంట కొట్టే పెద్దాయన "లాగడం ఆపి ముందు విను బాబూ" అనేవారు. ఆ మాట అప్పుడు బుర్రకెక్కలేదు.

మన చర్చిల్లో మామూలుగా ఒకటే గంట. ఇంగ్లండ్ టవర్లలో ఆరు, ఎనిమిది ఉంటాయి, ఒక్కో గంటకి ఒక్కో మనిషి. పుణే హోలీ నేమ్ కేథడ్రల్ టవర్‌లో కూడా ఎనిమిది ఉన్నాయి. ఇంగ్లండ్‌లో పాట వాయించరు, మోగే వరస మారుస్తూ పోతారు. ఈ విద్య మీద 1668లోనే టిన్‌టినలోజియా అనే పుస్తకం అచ్చయింది. ఏడు గంటలకి 5040 వరసలు. ఫ్యాక్టోరియల్ ఏడు, బీటెక్ వాళ్లకి తెలిసిందే. ప్రతి వరస చివర ఎనిమిదో పెద్ద గంట కూడా మోగిస్తూ అవన్నీ పూర్తి చెయ్యడానికి దాదాపు మూడు గంటల టైమ్. లెక్కేస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య సుమారు పావు సెకనే!

చిక్కెక్కడంటే, అక్కడ తాడు లాగగానే గంట మోగదు. పై గదిలో చక్రంతో పాటు నిండుగా తిరిగి, మళ్లీ పైకి చేరబోతూ మోగుతుంది. పెద్ద గంటైతే ఇంకా నెమ్మది. కొత్తవాళ్లు పక్కవాళ్ల తాళ్లు చూసి లాగుతారు. వరస కరెక్టే, కానీ రెండు దెబ్బలు అతుక్కుపోతాయి, తర్వాత ఖాళీ వస్తుంది. అందుకే తాడు పట్టకముందే నిలబడి ఒకటి నుంచి ఎనిమిది దాకా వింటూ లెక్కపెడతారు. తర్వాత ఒక్క నంబర్ మీదే చెవి పెడతారు. ఆ తర్వాతే తన గంట ముందు పడిందా, వెనకబడిందా అని విని, మరుసటి దెబ్బ సరిచేసుకుంటారు.

మన ఆర్ట్స్ కాలేజ్ బిల్డింగ్ 1939లో ప్రారంభమైంది కదా. ఆ మరుసటి ఏడాది జూన్‌లో బ్రిటన్‌లో చర్చి గంటలు ఆపేశారు. శత్రువు దిగితేనే మోగాలని ఆర్డర్. 1943 దాకా ఆ నిషేధం ఉంది. అన్నాళ్లూ చాలామంది చేతి గంటలతో ప్రాక్టీస్ చేస్తూ చెవి పోకుండా కాపాడుకున్నారు.

ఇప్పుడు గంట నాలుక కట్టేసి, సెన్సర్ పెట్టి, కంప్యూటర్‌లో శబ్దం వినిపిస్తారు. తప్పు ఎన్ని మిల్లీసెకన్లో స్క్రీన్ మీద కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు భలే నచ్చింది. కానీ స్క్రీన్ చూసే దిద్దుకుంటే మళ్లీ కళ్లనే నమ్ముతున్నట్టు.

మా పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన ఏం వినేవారో నేను అడగలేదు, ఎక్కడా రాసి పెట్టలేదు. మీ ఊళ్లో గంట కొట్టేవాళ్లుంటే, గుడైనా చర్చైనా, ఫోన్ తీసి రికార్డ్ చెయ్యండి. గంటనే కాదు, వాళ్ల మాట కూడా.

మళ్లీ కలుద్దాం.