మెటల్ గిటారుకు ముందుగాల తీగలు, ఆఖరుకు పికప్

1965ల ఇంగ్లండ్‌ల బర్మింగ్‌హామ్ పట్నంల ఒక 17 ఏండ్ల పోరడు రేకుల ఫ్యాక్టరీల పనిచేస్తుండె. పేరు టోనీ అయోమీ. గిటార్ మీదనే బతుకుదామని నౌకరి ఇడిసిపెట్టిండు. ఆఖరి రోజు డ్యూటీల మిషన్ల పడి కుడిచెయ్యి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయినయ్. ఆయనది ఎడమచేతి వాటం. అంటె తీగలు ఒత్తాల్సింది గా కుడిచేతి వేళ్లతోనే.

ఆయన గిటార్ పక్కకు పెట్టలే. ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్లకు టోపీల లెక్క చేసుకున్నడు, వాటి మీద తోలు అతికించుకున్నడు. మామూలు తీగలు ఒత్తుతుంటె నొప్పి. గందుకని బాంజోకు వాడే సన్న తీగలు తెచ్చి గిటారుకు కట్టిండు. తర్వాత తీగల బిర్రు తగ్గాలని ట్యూనింగే కిందికి దించిండు. 1971ల వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌ల కొన్ని పాటలకు మూడు సెమీటోన్లు దించిండు. గా బరువైన సౌండే ఇయ్యాల మనం ఇంటున్న హెవీ మెటల్‌కు పునాది.

ఇంకో సంగతి. 1970ల వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌ల ఆయన ఎక్కువ వాయించింది ‘పి-90’ పికప్‌లున్న గిబ్సన్ ఎస్‌జీ మీద. అవి ఒక్క కాయిల్ పికప్‌లు. ఇప్పుడు ‘మెటల్ పికప్’ అని అమ్మే రకం కానే కాదు.

గీ ముచ్చట ఎందుకంటె, మన పోరగాండ్లు గిటార్ కొన్న నెలకే వేలకు వేలు పెట్టి పికప్ మార్చాలని చూస్తున్నరు. మూడేండ్ల కిందటి తుప్పు తీగలు మాత్రం గట్లనే ఉంటయ్. నేను చెప్పేది ఒక్కటే: ముందుగాల తీగలు, తర్వాత సెట్టింగ్, ఆఖరుకు పికప్. గీ వరుసల పోతె సగం మందికి పికప్ మార్చే అవసరమే రాదు.

తీగ లెక్క

ప్యాకెట్ మీద 10-46 అని ఉంటది. అంటె సన్న తీగ మందం అంగుళంల వెయ్యి పాళ్లు చేస్తె 10 పాళ్లు, లావు తీగ 46 పాళ్లు. ట్యూనింగ్ దించితె తీగ వదులైతది. ఎంత వదులు? ఒక సెమీటోన్ దించితె బిర్రు సుమారు 11 శాతం పడిపోతది. రెండు దించితె 20 శాతం, నాలుగు దించితె 37 శాతం. వదులు తీగ మీద గట్టిగ కొడితె శ్రుతి పక్కకు పోతది, ఫ్రెట్లకు తాకి గరగరమంటది. గప్పుడు ‘పికప్ మంచిగలేదు’ అని దాన్ని తిడుతం. తప్పు తీగది.

మందులకు ఒక మోటు లెక్క ఉన్నది: ఒక్కో సెమీటోన్ దించినప్పుడల్లా తీగ మందం 6 శాతం పెంచుకోవాలె. 46 తీగను ‘ఇ’ నుంచి ‘డి’కి దించితె 52 పెట్టాలె. గప్పుడు బిర్రు మొదటి లెక్కనే ఉంటది.

మామూలు ‘ఇ’ స్టాండర్డ్‌కు 9-42 గాని 10-46 గాని సాలు. కొత్తగ నేర్చుకునేటోళ్లకు 9-42 వేళ్లకు తేలిక. లావు తీగ ఒక్కటే దించే ‘డ్రాప్ డి’కి 10-52 బాగ కుదురుతది. అన్ని తీగలు రెండు సెమీటోన్లు దించే ‘డి’ స్టాండర్డ్‌కు 11-52 గాని 11-54 గాని. ‘డ్రాప్ సి’కి 11-56 దగ్గర. ‘సి’ స్టాండర్డ్‌కు 12-56 గాని ఇంకా లావుగ గాని.

గిటార్ పొడుగు గూడ చూడాలె. ఫెండర్ స్ట్రాట్ రకం గిటార్లల్ల నట్ నుంచి బ్రిడ్జి దాక తీగ కొలత 25.5 అంగుళాలు. గిబ్సన్ లెస్ పాల్ రకానికి 24.75. పొట్టిదాంట్ల అదే తీగ, అదే ట్యూనింగ్ పెడితె 6 శాతం వదులుగ ఉంటది. ఆ రకం గిటార్ ఉన్నోళ్లు ఒక మెట్టు లావు సెట్ తీసుకుంటె నడుస్తది.

దుకాణంల జర పైలం. ‘గిటార్ తీగలు’ అని అడిగితె అకూస్టిక్ గిటార్‌వి చేతుల పెడుతరు. వాటి లావు తీగల మీద చుట్టింది కంచు. కంచుకు అయస్కాంతం అంటదు, పికప్ దాన్ని సరిగ పట్టదు. ఎలక్ట్రిక్‌కు నికెల్ పూత ఉక్కు తీగలు అడుగుండ్రి. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలైతె సౌండ్ ఇంకా పదునుంటది గని ఫ్రెట్లు జల్దీ అరుగుతయ్. మన ఎండలకు చేతుల చెమట ఆగదు. వాయించినంక పొడి నూలుబట్టతోని తుడిస్తె తీగ ఎక్కువ దినాలు వస్తది.

లావు సెట్ ఎక్కించినంక నట్ గాడిల తీగ ఇరుకుతుందా చూడాలె, మెడ వంపు, ఇంటొనేషన్ మల్ల సరిచేయించాలె. గిది ఇడిసిపెట్టి ‘శ్రుతి నిలుస్తలేదు’ అంటె ఫాయిదా లేదు.

పికప్ అంటె ఏంది

బోరు మోటర్ కాలిపోతె వైండింగ్ చేసేది మనమందరం చూసినోళ్లమే. పికప్ గూడ అసొంటిదే: అయస్కాంతం, దాని చుట్టు వెంట్రుకంత సన్న రాగి తీగ వేల చుట్లు. మీద ఉక్కు తీగ ఊగితె కాయిల్‌ల చిన్న కరెంటు పుడుతది. గదే సౌండ్.

ఒక్క కాయిల్ ఉంటె ఇంట్ల కరెంటు వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్‌ను గూడ పట్టుకుంటది. 1955ల గిబ్సన్ కంపెనీల సెత్ లవర్ అనే ఇంజనీర్ దీనికి మందు కనిపెట్టిండు. రెండు కాయిల్స్ ఉల్టా చుట్టి, అయస్కాంతం కొసలు గూడ ఉల్టా పెట్టిండు. గుంయ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటది, తీగ సౌండ్ మాత్రం కలుస్తది. గదే హంబకర్. మెటల్‌కు బ్రిడ్జి కాడ హంబకర్ ఉంటె పని అలకగైతది, ఎందుకంటె డిస్టార్షన్ పెంచితె గుంయ్ గూడ పెరుగుతది.

పాసివ్ హంబకర్‌ల బ్యాటరీ ఉండది. సెరామిక్ అయస్కాంతమైతె పదును, బిగువు ఎక్కువ. ఆల్నికో అయితె జర మెత్తదనం. డిమార్జియో సూపర్ డిస్టార్షన్, సీమోర్ డంకన్ డిస్టార్షన్ సెరామిక్ రకాలు. డంకన్ జేబీ ఆల్నికో రకం. యాక్టివ్‌ల 9 వోల్టుల బ్యాటరీ, లోపల చిన్న ప్రీ-యాంప్ ఉంటయ్. ఈఎంజీ 81 దీంట్ల పేరుమోసింది, మెటాలికా జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఏండ్ల తరబడి వాడిండు. చప్పుడు తక్కువ, దెబ్బ బిగువుగ ఉంటది. కాని కేబుల్ గుచ్చి ఇడిసిపెడితె బ్యాటరీ దిగిపోతది. వాల్యూమ్ పాట్లు గూడ మార్చాలె: పాసివ్ హంబకర్‌కు 500 కిలో ఓమ్స్, ఈఎంజీకి 25. బ్యాటరీకి జాగ గూడ కావాలె.

‘అవుట్‌పుట్ ఎంత ఎక్కువుంటె అంత మెటల్’ అనేది అపోహ. 1970లల్ల యాంప్‌ల గెయిన్ తక్కువుండె, గందుకని గట్టి పికప్ కావాల్సొచ్చింది. ఇయ్యాల చిన్న ప్రాసెసర్‌లనే గెయిన్ పొంగిపొర్లుతది. ట్యూనింగ్ దించి వాయించేటోళ్లకు కావాల్సింది ఒక్కో నోటు ఇడిగ ఇనవడుడు. బాస్ ఎక్కువున్న పికప్ పెడితె అంత బురదైతది.

పైసలు పెట్టే ముందు

కొత్త తీగలు కట్టి, గెయిన్ జర తగ్గించి, స్క్రూ డ్రైవర్‌తోని పికప్ ఎత్తు సరిచేసి చూడుండ్రి. ఆఖరి ఫ్రెట్ ఒత్తిపట్టి, తీగకు పికప్‌కు నడుమ 2 మిల్లీమీటర్లు పెట్టి మొదలు వెట్టుండ్రి. బురదగ ఉంటె లావు తీగ దిక్కు ఇంకింత దించుండ్రి. గిదానికి పైస ఖర్చు లేదు. అయినా నచ్చకపోతె గప్పుడు బ్రిడ్జి పికప్ ఒక్కటే మార్చుకోండ్రి. వైర్ల రంగుల లెక్క కంపెనీకో తీరుంటది, ఆ కంపెనీ కాయితం చూసే అతికించాలె.

ఆఖరుగ పానం ముచ్చట. చానా గిటార్లల్ల తీగలు కేబుల్ నుంచి యాంప్ అర్తింగ్‌కు కలిసి ఉంటయ్. ఇంట్ల అర్తింగ్ సరిగ లేకుంటె గుంయ్ ఒక్కటే కాదు, షాక్ గూడ కొట్టొచ్చు. 1972ల వేల్స్‌ల స్వాన్‌సీ పట్నంల లెస్లీ హార్వీ అనే గిటారిస్టు అర్తింగ్ లేని మైక్ ముట్టుకొని స్టేజీ మీదనే సచ్చిపోయిండు. తీగ ముట్టుకుంటె జివ్వుమన్నదా, ప్లగ్ పీకి ఎలక్ట్రీషియన్‌ను పిలువుండ్రి. కొత్త పికప్‌కు దాసిన పైసలు ముందుగాల అర్తింగ్‌కు పెట్టినా నష్టం లేదు.

అయోమీ కాడ మంచి సామాన్ లేకుండె, వేళ్లు గూడ సగమే ఉండె. తన చేతికి ఏ తీగ కుదురుతదో చూసుకున్నడు. మనం గూడ గాడికెల్లే మొదలువెడుదాం.