గోదావరి బాటలు, బుల్లెట్టు పళ్ళచక్రము

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి మండలములలో రాకపోకలు చిరకాలము కాలువలనే ఆశ్రయించి సాగినవి. ధాన్యమును, కొబ్బరియు, మనుష్యులును పడవలమీద లాకులు దాటుచు కాకినాడవైపునకును ఏలూరువైపునకును పోవుచుండగా, నేలబాట యనదగినది పెక్కుచోట్ల కాలువగట్టే యయ్యెను. నేటికిని కోనసీమ గ్రామములకు పోవు బాటలనేకములు ఆ గట్లనే యనుసరించి, కాలువతోబాటు మెలికలు తిరుగుచు, వంతెన వచ్చినచోట ఎత్తెక్కి దిగుచు సాగుచున్నవి. ఈ సీమలో పాతబండికి ఎన్ని పళ్ళ చక్రము వేయవలెనను ప్రశ్నకు సమాధానము ఈ బాటల చరిత్రలోనే కలదని నా నమ్మకము.

1955లో మద్రాసు మోటార్స్ వారును, ఇంగ్లాండులోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు కర్మాగారమునుండి వెలువడిన 350 బుల్లెట్టు మన పల్లెల కామందుల యింటికిని, పోలీసు ఠాణాలకును ఒకేవిధమైన గౌరవముతో వచ్చి చేరినది. సరిహద్దుల గస్తీకై సైన్యము కోరుకొన్న బండి యది. 346 సీసీల పోతయినుప సిలిండరులో 70 మిల్లీమీటర్ల పిస్టను 90 మిల్లీమీటర్ల దూరము పైకిని క్రిందికిని కదలును. అట్టి దీర్ఘగమనము గల యంత్రము మెల్లగ తిరుగుచున్నప్పుడే గట్టిగ లాగును, కాని నిర్విరామముగ వడిగ తిరుగుట దానికి హితము కాదు. 18 అశ్వశక్తి మాత్రమే గల ఆ బండికి గేరుపెట్టె చెంత సామాన్యముగ 16 పళ్ళ స్ప్రాకెట్టును, వెనుక 38 పళ్ళ స్ప్రాకెట్టును అమర్చిరి. ధాన్యపు బస్తాతోనో, వెనుక కూర్చుండిన యిల్లాలితోనో బురదగట్టుమీద పోవువానికి అది సర్వవిధముల అనుకూలమే.

ఆ కాలమున వేగమునకు అవకాశమేది? 1900లో రాజమహేంద్రవరము చెంత నిర్మితమైన హేవలాక్ వంతెన రైలునకు మాత్రమే పరిమితము. కొవ్వూరునుండి నేరుగ ఆవలియొడ్డు చేరగోరువాడు బండిని రేవునకు దింపి నదీయానమునకు సిద్ధపడవలసినదే. సఖినేటిపల్లికిని నరసాపురమునకును నడుమ పంటుమీద బండ్లను దాటించుట మన తరమువారందరు ఎరిగినదే కదా! 1974లో, క్రింద రైలును పైన రోడ్డును గల వంతెన తెరువబడి, నాలుగు కిలోమీటర్లకు పైబడిన ఆ బాటమీద గోదావరిని బండి దిగకయే దాటు భాగ్యము ప్రజలకు లభించెను. పిమ్మట ఈ శతాబ్దారంభమున స్వర్ణచతుర్భుజి పథకముక్రింద తాడేపల్లిగూడెము, తణుకు, సిద్ధాంతము, రావులపాలెము, జొన్నాడల మీదుగ మద్రాసు–కలకత్తా రహదారి నాలుగు వరుసలుగ విస్తరించి, కొండయు కనుమయు లేని చదునునేలమీద గంటల తరబడి ఒకే వేగమున పోవుట సాధ్యమైనది.

పాత బుల్లెట్టునకు ఆయాసము మొదలైనది అప్పుడే. గంటకు 80 కిలోమీటర్ల వేగమున 16 పళ్ళతో దాని యంత్రము నిమిషమునకు సుమారు 3500 మారులు తిరుగును. 17 పళ్ళైనచో 3300, 18 అయినచో 3100. తగ్గినది స్వల్పముగనే తోచును గాని, తణుకునుండి తునివరకు ఆగక పోవువాని చేతులకును పాదములకును ఆ భేదము స్పష్టముగ తెలియును: అదురు తగ్గును, యంత్రము చల్లబడును, చప్పుడు నిదానించును. పరమవేగము పెరుగునని మాత్రము ఆశింపరాదు. ఉన్న 18 అశ్వశక్తి పళ్ళు మార్చినంత మాత్రమున వృద్ధి చెందదు.

వెనుకచక్రపు పళ్ళు బ్రేకుడ్రమ్ముతో ఏకఖండముగ నుండుటచే మార్పు సాధారణముగ ముందరనే చేయుదురు. ఆ చిన్న చక్రము క్లచ్చి వెనుక దాగియుండుటచే ఎడమప్రక్క మూత, ప్రైమరీ చైను, క్లచ్చి సమస్తమును విప్పవలసియుండును. కావున ఓపికగల మేస్త్రీ చేతికే ఈ పని ఒప్పగింపుడు. స్పీడోమీటరు ముందుచక్రమునుండి నడుచునది గనుక దాని లెక్క తప్పదు.

ఎన్ని పళ్ళు? డెల్టావాసి 350 బండికి 17 చాలునని నా నిశ్చితాభిప్రాయము. 500 బండికి కర్మాగారమువారే 17 ఇచ్చిరి. ఒంటరిగ రహదారిమీదనే తిరుగువాడు 18 వేసికొనవచ్చును గాని, ఎదురుగాలిలోనో, వంతెన యెత్తునందో నాలుగవ గేరున బండి లాగదు. మూడవదానికి దిగక తప్పదు. నెలకొకమారైనను రంపచోడవరము దాటి మారేడుమిల్లి కనుమ నెక్కువాడు 16 పళ్ళనే ఉంచుకొనుట మేలు. ఐదవ గేరుతో తరువాత వచ్చిన బండ్లకు ఈ చింత అంతగ లేదు. కుడికాలితో గేరు మార్చు నాలుగు గేర్ల పాతబండ్లకే ఈ ఒక్క పన్ను విషయమై నేటికిని మేస్త్రీల కొట్లలో వాదము జరుగుచున్నది.