గాడిద గెలిచిన దావా

కోతల రోజుల్లో రామాయంపేట నుంచి మెదక్ వచ్చే దారిని చూసినవారికి తెలుసు, సగం రోడ్డు బండ్లది, సగం రోడ్డు వడ్లది. కల్లాలు కరువై జనం తారురోడ్డునే కల్లం చేసుకున్నారు. చుట్టూ రాళ్ళు పేర్చి, నడుమ వడ్లు ఆరబోస్తారు. ఆ పక్కనుంచే ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో చెవి దగ్గర ఫోను పట్టుకుని బాబులు దూసుకుపోతుంటారు. ఎప్పుడో ఒకసారి ఓ కారు ఆ వడ్లను చెల్లాచెదురు చేస్తుంది. లేదా పక్కన కట్టేసిన బర్రెను గుద్దుతుంది. అడగబోతే కారాయనే ఎదురు దబాయిస్తాడు: "రోడ్డేమన్నా మీ జాగీరా? ఇక్కడెవరు పొయ్యమన్నరు?"

"రోడ్డు మీద పోసినం గదమ్మా, తప్పు మాదే అంటరు" అని నాతో వాపోయింది ఓ రైతు ఇల్లాలు.

నిజంగా తప్పంతా ఆమెదేనా? ఈ ప్రశ్న కారు పుట్టకముందే పుట్టింది. జవాబు ఇంగ్లండులో ఒక గాడిద పుణ్యమా అని వచ్చింది.

1842 నాటి మాట. డేవిస్ అనే ఆయన తన గాడిద ముందుకాళ్ళకు బంధం వేసి రోడ్డు పక్కన మేతకు వదిలాడు. మూడు గుర్రాల బండి ఒకటి పల్లంలోకి జోరుగా దిగింది. తోలవలసిన మనిషి గుర్రాల దగ్గర లేడు, కాస్త వెనకగా వస్తున్నాడు. కాళ్ళకు బంధం ఉన్న జీవి తప్పుకునేదెట్లా? చక్రాల కింద పడి చచ్చింది.

డేవిస్ దావా వేశాడు. గాడిదను అలా వదలడమే తప్పు కదా అన్నారు బండి యజమాని మాన్ తరఫువాళ్ళు. జడ్జి పార్క్ ఒప్పుకోలేదు. గాడిద అక్కడ ఉండకూడదనే అనుకుందాం, అయినా బండివాడు ఎవరికీ కీడు జరగని తీరులో పోవాలి. కాదంటే రోడ్డు మీద వదిలిన సామాను మీదనుంచి, ఆఖరికి అక్కడ నిద్రపోయే మనిషి మీదనుంచి కూడా తోలుకుపోవచ్చుననాలి, అన్నాడాయన. డేవిస్‌కు నలభై షిల్లింగులు ముట్టాయి. రోడ్డు మీది సామాను అంటే మన వడ్లే కదూ!

మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టం వచ్చింది. అది బ్రిటిషిండియా చట్టం, మెదక్ అప్పటికి నిజాం ఏలుబడిలో ఉంది. ఆ చట్టం తప్పనిసరి చేసిన బీమా మనుషుల చావుకూ గాయాలకూ మాత్రమే. బర్రె ఊసు లేదు, బండి ఊసు లేదు. ముప్ఫయ్యేళ్ళకు, 1969 సవరణతో, ఇతరుల ఆస్తినష్టం కూడా బీమాలోకీ ట్రిబ్యునళ్ళ విచారణలోకీ వచ్చింది. బీమా కంపెనీ తప్పనిసరిగా ఇవ్వవలసింది ఎంతనుకున్నారు? రెండు వేలు! 1988 చట్టం దాన్ని ఆరు వేలు చేసి చేతులు దులుపుకుంది. ఆరు వేలకు పాడిబర్రెను ఏ సంతలో అమ్ముతారో నాకైతే తెలియదు. 2002 మోటారు టారిఫ్‌లో కార్లకు ఏడున్నర లక్షల దాకా రక్షణ పెట్టారు గానీ, కొద్దిపాటి ప్రీమియం తగ్గింపు కోసం దాన్ని ఆరు వేలకే కుదించుకునే వీలూ యజమానులకిచ్చారు. మిగిలింది యజమానే ఇచ్చుకోవాలనుకోండి. కానీ రైతు ఇల్లాలు కారాయన వెంట ఎన్నాళ్ళు తిరుగుతుంది?

2019 సవరణ వచ్చాక, నడుపుతూ ఫోను చేత పట్టుకోవడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందకే వస్తుంది. మొదటిసారికే జైలైనా పడవచ్చు, వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా అయినా పడవచ్చు. బాగానే ఉంది. అయితే ఆ జరిమానా పోయేది సర్కారు ఖజానాకు, వడ్లు పోయినామె కొంగులోకి కాదు. ఆమెకు పైసలు రావాలంటే ఆస్తి యజమానిగా తనే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవాలి.

ఒక మాట మాత్రం ఆమెకు ముందే చెప్పాలి. డేవిస్‌కు మొత్తం నష్టం దక్కింది, ఇప్పటి కోర్టులు తప్పును పాళ్ళు వేస్తాయి. రోడ్డు మీద పోసినందుకు ఆమె వాటా కొంత కోత పడవచ్చు. కొంత కోత వేరు, మొత్తం వదులుకోవడం వేరు. అందుకని కారాయనతో నోటి వాదన మానేసి ముందు బండి నంబరు రాసుకోవాలి. చెదిరిన వడ్లను ఊడ్చకముందే ఫొటో తీయించి, ఠాణాలో రిపోర్టు ఇవ్వాలి. బర్రె పోతే పశువుల డాక్టరు చేత పోస్టుమార్టం కాగితం రాయించుకోవాలి, పూడ్చిపెట్టకముందే.